రోజుకో రూపాయి, రోజుకో అక్షరం

(వాడరేవులో చేపలమ్ముకునే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మైకు ముందు నిలబడటం నాకు అంతగా అలవాటు లేదు. మీరు గంపలు సర్దుకుంటుంటే పక్కన కూచుని మాట్లాడటమే అలవాటు. కాబట్టి దీన్ని ఉపన్యాసం అనుకోకండి. మనం రోజూ మాట్లాడుకునే మాటలనే ఇవాళ కాస్త వరసలో పెట్టి చెబుతాను.

ఇది వేట నిషేధ కాలం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే సమయం గనక సముద్రానికి విరామం ఇవ్వాలన్నది దీని ఉద్దేశం. మంచిదే. కానీ మన పొయ్యికి విరామం లేదు గదా! మామూలు రోజుల్లో అయితే ఈ వేళకి మీరంతా చీరాల బజార్లో ఉండేవారు. ఇవాళ ఇంతమంది ఒకచోట కూచోగలిగామంటే ఈ నిషేధం వల్లే.

పోయిన వారం మన సంఘంలోని ఒక అమ్మాయి నన్ను నిలదీసింది. "అక్కా, మీరు ఎప్పుడూ హక్కులు, చట్టాలు, సమానత్వం అంటారు. అన్నీ పెద్ద మాటలే. రేపు పొద్దున్నే లేచి నేను చెయ్యాల్సిన పనేమిటో ఒక్కటి చెప్పండి" అంది. ఆ రోజు నాకు సరైన జవాబు తోచలేదు. ఇంటికి పోయి చాలా ఆలోచించాను. ఆ జవాబు చెప్పడానికే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

ముందుగా ఒక మనిషి గురించి చెప్పాలి. పేరు అక్కర్లేదు, మీ అందరికీ తెలిసినవాడే. పడవలు ఒడ్డుకి రాకముందే మోటారు సైకిలు మీద వస్తాడు. భుజాన సంచీ, జేబులో చిన్న పుస్తకం. పుస్తకంలో వెయ్యి అని రాసుకుని మన చేతిలో తొమ్మిది వందలు పెడతాడు. ఆ డబ్బుతో మనం పాటలో చేపలు కొని, ఐసు వేసి, ఆటో ఎక్కి చీరాల పోయి, ఎండలో కూచుని అమ్మి, సాయంత్రానికి అతనికి వెయ్యి అప్పగిస్తాం. కొందరు రెండు వేలు తీసుకుంటారు, కొందరు మూడు వేలు. లెక్క సులువుగా ఉండటానికి నేను ఒక వెయ్యి గురించే మాట్లాడతాను.

రోజుకి వంద రూపాయలు. "వందే గదా, ఒక కిలో చేప ఎక్కువ అమ్ముకుంటే పోతుంది" అనుకుంటాం. నెలకి ఇరవై రోజులే వ్యాపారం ఉందనుకుందాం. నెలకి 2,000. ఈ రెండు నెలల నిషేధం తీసేస్తే ఏడాదికి పది నెలలు. మొత్తం 20,000. తొమ్మిది వందల రూపాయల పెట్టుబడి కోసం ఏడాదికి ఇరవై వేల వడ్డీ కడుతున్నాం! అతను ఒక్కసారిగా ఇరవై వేలు అడిగితే మనం కొంగు బిగించి తగాదాకి దిగేవాళ్ళం. రోజుకి వంద గనక నోరు మెదపకుండా ఇస్తున్నాం.

చిన్న మొత్తానికి, ప్రతిరోజూ చేసే పనికి ఎంత బలం ఉందో ఆ మనిషికి మనకంటే ముందే తెలిసింది. ఆ బలంతోనే అతను మన చేత కట్టించుకుంటున్నాడు. అదే బలాన్ని మనం మనకోసం వాడుకోవాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా అది ఎలాగన్న వివరమే.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళ కిందటే చేసి చూపించారు. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరదీపం పేరుతో రాత్రి బడులు నడిచాయి. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్ళు లాంతరు వెలుగులో పలక పట్టుకున్నారు. ఊళ్ళల్లో సారా సంసారాల్ని ఎలా చితగ్గొడుతోందో ఆ పాఠాల్లోనే చదువుకున్నారు. చదివి ఊరుకోలేదు. దూబగుంటలో సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు మీరంతా వినే ఉంటారు. ఒక ఊరు చూసి ఇంకో ఊరు కదిలింది. 1992లో సారా వేలంపాటలు జరగకుండా జిల్లా అంతటా ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఆ పోరాటం పుస్తకాల్లోకి ఎక్కింది. దాని వెనకాలే నడిచిన ఇంకో పని గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటాం. సారాకి పోయే డబ్బు ఇప్పుడు ఇంట్లో మిగులుతోంది గదా, అందులోంచి రోజుకో రూపాయి పక్కన పెడదాం అన్నారు. అదే పొదుపులక్ష్మి. రోజుకో రూపాయి అంటే నెలకి ముప్పై. పదిహేనుమంది చేరితే నెలకి 450, ఏడాదికి 5,400. విత్తనాలకో, పిల్లాడి మందులకో, పశువు కొనడానికో షావుకారు గుమ్మం ఎక్కకుండా వాళ్ళలో వాళ్ళే తీసుకున్నారు, తిరిగి కట్టారు. అవే రోజుల్లో, 1992లో, నాబార్డు దేశంలో 500 సంఘాలతో బ్యాంకు అప్పులిచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. ఇవాళ డ్వాక్రా సంఘం లేని ఊరు మన రాష్ట్రంలో కనబడదు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. 1995 జనవరి 16 నుంచి రాష్ట్రంలో సంపూర్ణ మద్య నిషేధం అమలయింది. 1997లో దాన్ని ఎత్తేశారు. అంత పెద్ద పోరాటంతో తెచ్చుకున్నది రెండున్నర ఏళ్ళు కూడా నిలబడలేదు. ఊరూరా తిరిగిన ఊరేగింపులు ఆగిపోయాయి, కొట్ల ముందు కాపలాలు ఆగిపోయాయి, నిషేధమూ పోయింది. రోజూ చేస్తూ వచ్చిన ఆ రూపాయి పని మాత్రం మిగిలింది. దీన్నిబట్టి పోరాటాలు వద్దని నేను చెప్పడంలేదు. పోరాటం తెచ్చిన దాన్ని నిలబెట్టుకోవడానికి రోజూ చేసే పని ఒకటి ఉండాలని చెబుతున్నాను.

నెల్లూరు దాకా ఎందుకు, మన చీరాల సంగతే చూడండి. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టమని చీరాల, పేరాల జనం ఊరికి ఊరే ఖాళీ చేసి, రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు బయటే ఉన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వం గురించి పిల్లలు బడిలో చదువుకుంటారు. ఆ పదకొండు నెలలూ తాటాకు పాకల కింద పొయ్యి వెలిగించిందెవరు? నీళ్ళు మోసిందెవరు? ఎండలో, వానలో పసిపిల్లల్ని సాకిందెవరు? ఆడవాళ్ళు ఒక్క వారం విసుక్కుని "ఇంటికి పోదాం పదండి" అంటే ఆ సత్యాగ్రహం అక్కడితో ముగిసేది. రోజువారీ ఓర్పు మనకి కొత్త కాదు. అది మన లెక్కలో పడకపోవడమే మన సమస్య.

సరే, ఇప్పుడు మన లెక్కకి వద్దాం. రోజుకి ఇరవై రూపాయలు పక్కన పెట్టగలమా? "వంద వడ్డీ కడుతూ ఇరవై ఎక్కణ్ణించి తెచ్చేది?" అని అడుగుతారు. కష్టమే. అయినా ఈ లెక్క ఒకసారి వినండి. అయిదు రోజులు పెడితే వంద. అందులో తొంభై పెట్టుబడిలోకి వేస్తే మర్నాడు 900 తీసుకోనక్కర్లేదు, 810 చాలు. సాయంత్రం ఇవ్వాల్సింది వెయ్యి కాదు, 900. అంటే వడ్డీలో రోజుకి పది రూపాయలు మిగిలాయి. ఆ పది కూడా పెట్టెలో వేస్తే ఇప్పుడు రోజుకి ముప్పై. మూడు రోజుల్లో ఇంకో తొంభై. అప్పుడు 720 తీసుకుంటే చాలు. రోజుకి నలభై మిగులు. ఇలా మన డబ్బు పెరిగేకొద్దీ వడ్డీ తగ్గుతుంది, వడ్డీ తగ్గేకొద్దీ మన డబ్బు తొందరగా పెరుగుతుంది. ఉత్త ఇరవై రూపాయలే దాచుకుంటూ పోతే 900 కావడానికి 45 రోజులు పడుతుంది. ఇలా చేస్తే దాదాపు 22 రోజుల్లో అవుతుంది. ఇరవై మూడో రోజు నుంచి ఆ మోటారు సైకిలుతో మనకి పని లేదు.

ఇది కాగితం మీద లెక్క. బతుకు కాగితం కాదు. మన సంఘంలో ఈ లెక్కని మొదట పట్టుకున్న అక్క ఇక్కడే కూచుని ఉంది, పేరు చెప్పొద్దంది. మొదలుపెట్టిన నాలుగో రోజునే పిల్లాడికి జ్వరం వచ్చింది. దాచిన ఎనభై మందులకి పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. వాయుగుండం పట్టి తొమ్మిది రోజులు వేట లేదు. దాచింది తినేశారు. మూడోసారి మొదలుపెట్టాక ఇంట్లో డబ్బా దొరికి భర్త తీసుకుపోయాడు. ఆ రోజు నా దగ్గరికి వచ్చి "నీ లెక్కలు నా ఇంట్లో పనిచెయ్యవమ్మా" అని ఏడ్చింది.

అప్పుడు సంఘం కూచుని రెండు నియమాలు పెట్టుకుంది. ఒకటి, డబ్బు ఎవరింట్లోనూ ఉండకూడదు, సంఘం పెట్టెలో ఉండాలి. పెట్టె ఒకరి ఇంట్లో, తాళంచెవి ఇంకొకరి కొంగున. రెండోది, ఒకరోజు తప్పితే జరిమానా లేదు, ఎత్తిపొడుపు లేదు, మర్నాడు మళ్ళీ వెయ్యాలి, అంతే. చాలా సంఘాల్లో తప్పిపోయినవాళ్ళకి జరిమానా వేస్తారు. దాంతో నిజంగా కష్టంలో ఉన్న మనిషి సిగ్గుపడి సంఘానికే రావడం మానేస్తుంది. ఎవరికోసం సంఘం పెట్టుకున్నామో వాళ్ళే బయటికి పోతారు. తప్పిన రోజు పెద్ద నష్టం కాదు. తప్పిన మర్నాడు రాకపోతేనే నష్టం.

22 రోజుల లెక్క ఆ అక్కకి అయిదు నెలలు పట్టింది. ఒకరోజు పొద్దున అతను సంచీ తెరిస్తే "ఇవాళ వద్దు బాబూ" అంది. అతను నమ్మలేదు. ఇంకో ఇద్దరికి ఇచ్చి మళ్ళీ వచ్చి అడిగాడు. "వద్దు" అంది. మర్నాడూ వద్దంది. ఇప్పుడు ఆమె చూసి ఇంకో ఏడుగురు ఆ దారిలో ఉన్నారు.

డబ్బు సంగతి ఇంతటితో ఆపుతాను. రెండోది అక్షరం. ఇందులో తప్పు నాది. ఈ సంఘం మొదలైన కొత్తలో రెండేళ్ళపాటు లెక్కల పుస్తకం నేనే రాశాను. "మాకు రాదు, నువ్వే రాయమ్మా" అన్నారు. పని తొందరగా అవుతుందని నేనూ ఒప్పుకున్నాను. తర్వాత నాకు ఆపరేషను అయి మూడు నెలలు రాలేకపోయాను. తిరిగొచ్చేసరికి పుస్తకంలో ఒక్క గీత లేదు. ఎవరెంత వేశారో, ఎవరెంత తీసుకున్నారో నోటి లెక్క. రెండు పెద్ద తగాదాలు. ముగ్గురు సంఘం వదిలి వెళ్ళిపోయారు. మీకు సాయం చేస్తున్నాననుకుని నేను మిమ్మల్ని నా మీద ఆధారపడేలా చేశానని అప్పుడు అర్థమయింది. ఇక్కడికి వచ్చిన కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల మిత్రులు కూడా ఈ సంగతి ఆలోచించాలి. మనం లేకపోతే ఆగిపోయే పనిని స్త్రీల పని అని ఎలా అంటాం?

అప్పటినుంచి సాయంత్రం పెట్టె తెరిచినప్పుడు ఎవరి వరస వాళ్ళే రాసుకోవాలన్నాం. మొదట అంకెలు. తర్వాత పేరు. తర్వాత "కొన్నది", "అమ్మినది", "మిగిలింది" అనే మూడు మాటలు. రోజుకి అయిదు నిమిషాలు, అంతకన్నా ఎక్కువ లేదు. అరవై ఏళ్ళ పెద్దమ్మ ఒకామె ఏడు అంకె తిరగేసి రాసేది. ఇప్పుడు కూడా ఒక్కోసారి రాస్తుంది. కానీ తన కిస్తీల కార్డులో ఒకే తేదీకి రెండుసార్లు బాకీ చూపించారని పట్టుకున్నది ఆమే. ఆ డబ్బు వెనక్కి ఇప్పించుకున్నదీ ఆమే.

మిరప కోతలకీ పత్తి తీతకీ పోయే అక్కలు కూడా ఇవాళ వచ్చారు. మీదీ ఇదే కథ. ఎన్నిరోజులు పోయారో, ఎన్ని కిలోలు కోశారో మేస్త్రీ పుస్తకంలో ఉంటుంది. మీ దగ్గర ఏముంది? మీ పుస్తకంలో రోజుకొక గీత ఉంటే అతని లెక్కతో మీ లెక్క పోల్చి అడగొచ్చు. గీత లేకపోతే అతను చెప్పిందే లెక్క.

ఇప్పుడు జాగ్రత్తగా వినాల్సిన మాట. చిన్న చిన్న పనుల గురించి ఇంత చెప్పాను గదా, దీన్ని ఇంకోరకంగా వాడుకునేవాళ్ళు ఉన్నారు. "మీరే పొదుపు చేసుకోండి, మీరే బాగుపడండి, మమ్మల్ని ఏమీ అడక్కండి" అంటారు. పేదరికానికి కారణం మన దుబారా అన్నట్టు మాట్లాడతారు. అది అబద్ధం. రోజుకి పన్నెండు గంటలు పనిచేసే మనిషి పేదగా ఉందంటే అది ఆమె పొదుపు చెయ్యకపోవడం వల్ల కాదు.

ఇంకో ప్రమాదం కూడా చూశాం. మన సంఘాలు వారం వారం కలుసుకోవడం, ఒకరికొకరు హామీ ఉండటం చూసి సూక్ష్మ రుణాల కంపెనీలు ఊళ్ళల్లోకి దిగాయి. వారం వారం కిస్తీ. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్ళని ఆమె ఇంటిముందు కూచోబెట్టారు. మన ఐకమత్యాన్నే మన మెడకి తాడు చేశారు. ఆత్మహత్యలు జరిగాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు, ఆ వెంటనే చట్టం తెచ్చి, వారం కిస్తీలు కాదు నెల కిస్తీలు ఉండాలని, వసూళ్ళు ఇళ్ళ దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసులాంటి బహిరంగ స్థలంలోనే చెయ్యాలని చెప్పాల్సి వచ్చింది. కాబట్టి ఎవరైనా "రోజూ కొంచెం" అంటే ముందు అడగండి. ఆ కొంచెం ఎవరి పెట్టెలోకి పోతోంది? ఎవరి పుస్తకంలో ఎక్కుతోంది?

మన పుస్తకం మన చేతిలో ఉంటే ఏమవుతుందో చెబుతాను. ఈ నిషేధ కాలానికి ప్రభుత్వం భృతి ఇస్తోంది. 2019లో దాన్ని 10,000 చేశారు. 2025లో 20,000 ఇచ్చారు. ఆ జాబితా పడవ మీద వేటకెళ్ళేవారి లెక్క ప్రకారం తయారవుతుంది. పడవ ఆగితే మన గంప కూడా ఆగుతుంది గదా! మరి మనం ఆ లెక్కలో లేం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడూ ఇంతే. పడవలు ఎన్ని, వలలు ఎన్ని అని అడిగారు. కొట్టుకుపోయిన గంపల గురించి, ఎండబెట్టిన చేపల గురించి చెప్పుకోడానికి మన దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. ఇప్పుడు ముప్పైమంది ఆడవాళ్ళు ఏడాదిపాటు రోజూ రాసిన పుస్తకాలు పట్టుకుని కలెక్టరు ఆఫీసుకి పోయామనుకోండి. "ఇదిగో, మేం ఇన్ని రోజులు పనిచేశాం, ఇన్ని చేపలు కొన్నాం, ఈ 61 రోజుల్లో మాకు ఇంత పోయింది" అని చెప్పొచ్చు. అప్పుడు అది బతిమాలుకోవడం కాదు, సాక్ష్యం చూపించడం.

చీరాల బజారు సంగతీ అంతే. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. సర్వే చేసి అమ్మకం పత్రాలు ఇచ్చేదాకా వీధి వ్యాపారుల్ని లేపకూడదని అందులో ఉంది. పట్టణ కమిటీలో కనీసం నూటికి నలభైమంది వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. ఎన్నేళ్ళుగా అక్కడ కూచుంటున్నావని అడిగితే మన నోటిమాటే తప్ప ఏమీ లేకపోతే ఎలా? రోజువారీ గీతలు అక్కడా మనకి సాక్షి.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెబుతాను. రేపు పొద్దున లేచి చెయ్యాల్సినవి మూడే. ఒకటి, ఎంత చిన్నదైనా సరే, రెండు రూపాయలైనా సరే, సంఘం పెట్టెలో పడాలి. వేట లేని ఈ రోజుల్లో రూపాయి కూడా లేనివాళ్ళు ఉత్త చేతులతోనే వచ్చి కూచోండి, రావడమే ముఖ్యం. రెండు, ఆ రోజు పని మీ చేత్తో ఒక గీత రాయండి. పని లేకపోతే "పని లేదు" అని రాయండి. అది కూడా లెక్కే. ఈ నిషేధ కాలంలో అదే ముఖ్యమైన లెక్క. మూడు, నిన్న రానిమనిషి ఇంటికి వెళ్ళి "ఏం వదినా, ఎందుకు రాలేదు?" అని పలకరించండి. లోపల ఏ కష్టం ఉందో, ఏ దెబ్బ తగిలిందో అప్పుడే తెలుస్తుంది.

వీటివల్ల రేపే అన్నీ మారిపోతాయని నేను చెప్పను. అయిదు నెలలు పట్టొచ్చు, అయిదేళ్ళు పట్టొచ్చు. మధ్యలో జ్వరాలు వస్తాయి, వాయుగుండాలు వస్తాయి. జూన్ 15న పడవలు నీళ్ళలోకి దిగుతాయి. ఆ పొద్దున మోటారు సైకిలు కూడా వస్తుంది. ఆ రోజు ఎంతమంది "వద్దు బాబూ" అంటారో చూడటానికి నేనూ ఒడ్డుకి వస్తాను. కనీసం ముగ్గురైనా అనాలని నా ఆశ.

ఇక పెట్టె తెరుద్దాం.